కందుకస్యేవ? కందుకస్యైవ?

కృష్ణాతీరం: భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలో గోళం పైతల వైశాల్యం, ఘనపరిమాణం చెప్పే శ్లోకం గురించి. రెండో పాదాన్ని మా తాతయ్య నోట "క్షుణ్ణం వేదైరుపరి పరితః కందుకస్యైవ జాలమ్" అని విన్నట్టు గుర్తు. మొన్న చూసిన అచ్చు ప్రతిలో "కందుకస్యేవ" అని ఉంది. చిన్నప్పుడు చెవిన పడ్డ మాట కదా, రెండు రోజులుగా వదలట్లేదు. ఏది సరైన పాఠం?

లెక్కలమాస్టారు: "స్యేవ"నే. కందుకస్య ఇవ. బంతి మీద చుట్టూ పరుచుకున్న వలలాగా అని. ఆ పోలిక తీసేస్తే పాదానికి ప్రాణం ఉండదు. కింది పాదం "గోలస్యైవం" అని మొదలవుతుంది. ఆ ఐత్వాన్ని తాతగారు పైకి లాగి ఉంటారు. వల్లె వేసేవాళ్లకు ఇది మామూలే.

కడిమిచెట్టు: అంత తేలిగ్గా కొట్టేయకండి మాస్టారూ. ఇది మందాక్రాంత వృత్తం. అక్కడ గురువు పడితే చాలు, స్యే అయినా స్యై అయినా గురువే. గణాలు తేల్చవు, అన్వయమే తేల్చాలి. "కందుకస్య ఏవ జాలమ్" అంటే ఈ ఫలం (వైశాల్యం) బంతికి ఉన్న వల మాత్రమే, బంతి కాదు అని. ఇప్పటి గణితంలో స్ఫియర్ అంటే పైతొడుగు మాత్రమే, లోపలి నిండుతో కలిపితే బాల్. మన పాఠ్యపుస్తకాల్లో రెంటికీ గోళం ఒక్కటే మాట. భాస్కరుడు 1150లోనే కందుకం వేరు, జాలం వేరు అని చూపించాడని నా నమ్మకం.

లెక్కలమాస్టారు: ఆ తేడా ఆయనకు తెలుసు, కాదనను. కానీ దానికి "ఏవ" అక్కర్లేదు. "పృష్ఠజం" (పైతలానిది) అని ఒకటి, "గోలగర్భే ఘనాఖ్యమ్" (గోళం లోపలి ఘనం) అని ఇంకొకటి, పేర్లు పెట్టే చెప్పాడు. జాలం సంగతి నన్నడగండి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల చేత రబ్బరు బంతికి పురికొస చుట్టిస్తాను, ఎక్కడా సందు లేకుండా. తర్వాత అదే పురికొసను విప్పి, బంతి వ్యాసంతోనే కాగితం మీద గీసిన వృత్తాల్లో నడిమి నుంచి చుట్టలుగా పరిపిస్తాను. నాలుగు వృత్తాలు నిండేసరికి పురికొస అయిపోతుంది. నాలుగోది నిండుతుంటే పిల్లలు బెంచీల మీంచి లేచి వచ్చి చూస్తారు. వేదాలు నాలుగు కదా, "క్షుణ్ణం వేదైః" అంటే వృత్తఫలాన్ని నాలుగుతో గుణించమని; అది ఇదే. నా లెక్కలో జాలం ఆ పురికొసే.

గోదారిగట్టు: పురికొస చుట్ట వల ఎలా అవుతుందండీ? వలకు కన్నులుండాలి. మా ఇంట్లో ఉట్టి చూస్తూ పెరిగినవాణ్ణి, కుండను పట్టుకున్న తాళ్ల మధ్య సందులే నాకు ముందు గుర్తొస్తాయి.

కడిమిచెట్టు: భాస్కరుడు తన ఖగోళ గ్రంథంలోని గోలాధ్యాయంలో ఇచ్చిన ఉపపత్తి (నిరూపణ) చూడండి. గోళాన్ని ఉసిరికాయ చారల్లా నిలువునా చీల్చి ఒకసారి, అడ్డంగా పట్టీలుగా కోసి ఇంకోసారి లెక్క కట్టాడు. ఆ నిలువు గీతలూ అడ్డగీతలూ ఒకే బంతి మీద వేస్తే వచ్చేది వలే, కన్నులతో సహా. ఆయనకు ముందటి జ్యోతిష్కుడు లల్లుడు పృష్ఠఫలం (పైతల వైశాల్యం) తప్పు చెప్పాడని చూపించిన తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. గోళం చుట్టుకొలతలో సగం వ్యాసంగా గుండ్రటి గుడ్డ కత్తిరించి నెత్తిన కప్పితే సగం గోళం మునిగి ఇంకా ముడతలు మిగులుతాయి. ఆ గుడ్డ వైశాల్యం గోళం నడిమి వృత్తానికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువ. కాబట్టి మొత్తం గోళం అయిదు రెట్ల లోపే ఉండాలి.

ఆకాశదీపం: వల అంటే మాకు ఫిజిక్స్‌లో ఇంకో బొమ్మ కనిపిస్తుంది. దీపం వెలుగు గోళంలా విచ్చుకుంటుంది. దూరం రెట్టింపైతే అదే వెలుగు నాలుగు రెట్లు పెద్ద తొడుగు మీద పరుచుకోవాలి, అందుకే నాలుగో వంతుకు పలచబడుతుంది. దారాలు అవే, కన్నులే పెద్దవవుతాయి. ఇంకో మాట, మీరంతా "గోల" అని రాస్తున్నారేం? తెలుగులో గోల వేరు కదా.

లెక్కలమాస్టారు: సంస్కృత పాఠం గనక. నలుడు నళుడైనట్టు, ధవలం ధవళమైనట్టు మనకు గోళం అయింది. భాస్కరుడి కంటే ముందు ఆర్యభటుడు "ఘనగోలఫలం నిరవశేషమ్" అన్నాడు. గోళం ఘనపరిమాణం మిగులు లేకుండా, కచ్చితంగా రావడానికి వృత్తఫలాన్ని దాని వర్గమూలంతో గుణించమని సూత్రం. వ్యాసార్ధం 1 అయితే 5.57 వస్తుంది, రావలసింది 4.19. "నిరవశేషమ్" అన్నచోటే అంత తేడా.

కడిమిచెట్టు: ఆ ఒక్క సూత్రంతో ఆయన్ను తూచకండి. కడిమి పువ్వు ఉండకు అన్ని వైపులా కేసరాలు నిక్కినట్టు భూగోళం చుట్టూ ప్రాణులున్నాయని చెప్పిందీ ఆయనే. నా పేరు అక్కడిదే.

గోదారిగట్టు: పోలికంటే పోతనను తలుచుకోకుండా ఎలా? "రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై, శిరోరత్నమై". గొడుగప్పుడు సూర్యుడు పళ్లెం, రత్నమైనప్పుడు ఉండ, "కటిస్థలి నుదంచద్ఘంట" అయినప్పుడు గుండ్రటి గంట, చివర పాదపీఠం దగ్గర మళ్లీ పళ్లెం. వటుడైన వామనుడు పెరిగేకొద్దీ చూసే చోటు మారి బింబం గోళమవుతోందని నాకనిపిస్తుంది.

ఆకాశదీపం: కంకణం, కేయూరం? అవి నడుమ ఖాళీ ఉన్నవి.

గోదారిగట్టు: గ్రహణం రోజు కంకణమే కదండీ.

కృష్ణాతీరం: తాతయ్య నోటుబుక్ మా బాబాయి పెట్టెలో దొరికింది. శ్లోకం ఉంది. "స్య" కింద, సరిగ్గా య వత్తు దగ్గర సిరా పాకింది. పైన ఎత్వం స్పష్టంగా ఉంది. కింద వత్తు పక్కన ఐత్వం కొమ్ము ఉందో, అది మరకో తెలియట్లేదు.

కడిమిచెట్టు: పగటి వెలుగులో ఫోటో తీసి పెట్టండి. కింది పాదంలో "స్యైవం" ఆయన ఎలా రాశారో పక్కన పెట్టి చూద్దాం.