షాపు ఎన్నింటికి కట్టేస్తున్నారు, ఇంటికి టైమ్ ఎలా మిగులుతోంది?

మిర్యాలగూడ_కిరాణా:
అందరికీ నమస్తే. మాది కిరాణా జనరల్ షాపు, ఇల్లు దాని పైనే. తెల్లారి 5 గంటలకి పాల బండి వస్తుంది, అప్పుడు లేచిన షట్టర్ రాత్రి పదిన్నరకి గానీ దిగదు. దించాక గల్లా లెక్క, ఉద్దెర పుస్తకం, పొద్దున హోల్‌సేల్‌కి పంపాల్సిన లిస్టు. పైకి వెళ్లేసరికి పాప నిద్రపోయి ఉంటుంది, పొద్దున అది బడికి పోయేటప్పుడు నేను గిరాకీలో ఉంటాను. నేను భోజనానికి వెళ్తే మా ఆవిడ కౌంటర్‌లో కూర్చుంటుంది, అంటే ఇద్దరం కలిసి తినేదే లేదు. మధ్యాహ్నం 2 నుంచి నాలుగున్నర దాకా మూస్తే గిరాకీ పోతుందా? కుర్రాణ్ణి పెట్టుకుంటే గల్లా అప్పగించొచ్చా? ఇంకొకటి, ఆదివారం మధ్యాహ్నం నుంచి బజారంతా కట్టేద్దామని మాట అనుకున్నాం, ఒకాయన సగం షట్టర్ ఎత్తి అమ్ముతున్నాడు, ఆయన్ని చూసి ఇంకొకరు, ఇప్పుడు అందరం తీస్తున్నాం. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

గుంటూరు_టిఫిన్స్:
అన్నా, మాది టిఫిన్ సెంటర్. పిండి రాత్రే రుబ్బి పెట్టుకుంటాం, తెల్లవారుజామున 3కి లేస్తాం, ఐదున్నరకి మొదటి వాయి ఇడ్లీ దిగుతుంది, పదిన్నరకి కట్టేస్తాం. సాయంత్రం బజ్జీలు, పునుగులు కూడా వెయ్యండి డబ్బులే డబ్బులు అని చుట్టాలందరూ చెప్పారు, మేం వెయ్యలేదు. సాయంత్రం పిల్లల దగ్గర కూర్చుని చదివిస్తున్నాను, పెద్దవాడికి లెక్కలు నేనే చెబుతున్నాను. పదిన్నర తర్వాత ఎవరొచ్చినా అయిపోయిందండీ అంటాం. జనం ఆ టైముకి అలవాటు పడిపోయారు, ఇప్పుడు పదికల్లా పరిగెత్తుకొస్తారు.

గోదావరిఖని_స్టోర్స్:
టిఫిన్ వేరు, కిరాణా వేరు తమ్ముడూ. మా దగ్గర షాపు టైమ్ మా చేతిలో ఉండదు, గని చేతిలో ఉంటుంది. సెకండ్ షిఫ్ట్ రాత్రి 11కి దిగుతుంది, ఇంటికి పోతూ పాల ప్యాకెట్టో గుడ్లో కొనుక్కుపోతారు. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున 7కి, దానికంటే ముందు బీడీలు, బిస్కెట్లు కావాలి. జీతం పడ్డాకే ఉద్దెర తీరుస్తారు, ఆ నాలుగు రోజులు నేను కౌంటర్ దగ్గర లేకపోతే ఆ డబ్బు ఇంకో దారి చూసుకుంటుంది. మధ్యాహ్నం మాత్రం ఖాళీ, నేను 12 నుంచి రెండున్నర దాకా మూసి పడుకుంటాను. 3కి ఫస్ట్ షిఫ్ట్ దిగేలోపు తీస్తాను. మీ ఊళ్లో జనం ఎప్పుడు కొంటున్నారో చూసుకుని మూయండి, గడియారం చూసి కాదు.

పద్మ_ఫ్యాన్సీ:
"మా ఆవిడ కౌంటర్‌లో కూర్చుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడకి పొద్దున వంట, పాప బాక్సు, మధ్యాహ్నం కౌంటర్, సాయంత్రం పప్పులు ప్యాకెట్లు కట్టడం, రాత్రి మళ్లీ వంట. మీరు 5 నుంచి పదిన్నర అన్నారు, ఆవిడ ఎన్నింటికి లేస్తుందో, ఎన్నింటికి పడుకుంటుందో రాయలేదు. నేను ఫ్యాన్సీ షాపు నడుపుతాను, లైసెన్సూ జీఎస్టీ రిజిస్ట్రేషనూ నా పేరు మీదే ఉన్నాయి, అయినా సేల్స్‌మ్యాన్ వస్తే "సార్ లేరా మేడమ్" అని అడుగుతాడు. ముందు ఆవిడకి ఒక పూట సెలవు ఇవ్వండి, తర్వాత మీ సెలవు సంగతి చూద్దాం.

మిర్యాలగూడ_కిరాణా:
అక్కా, మీరన్నది నిజమే, మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆమె ఎవరో గానీ ఆమెకి నా నమస్కారం చెప్పు" అంది.

ఒంగోలు_ప్రొవిజన్స్:
అందరూ సగం షట్టర్ వాణ్ణి దొంగలా చూస్తున్నారు, అందుకే రాస్తున్నాను. నేను సగం షట్టర్ ఎత్తేవాణ్ణే. షాపు అద్దెకి ఆదివారం సెలవు లేదు. రోజువారీ ఫైనాన్స్ కుర్రాడు ఆదివారం కూడా బండి మీద వచ్చి నిలబడతాడు. సొంత షాపూ, పైన సొంత ఇల్లూ ఉన్నవాళ్లు సంఘం పెట్టి తీర్మానం చేస్తారు, అద్దెకున్నవాడు పాటించాలి. ఆ పూట మీరు మూస్తే జనం కొనడం మానేస్తారా? ఫోన్‌లో ఆర్డర్ పెడతారు, లేకపోతే మాల్‌కి పోతారు.

తణుకు_వర్తకుడు:
మీలాంటి వాళ్ల వల్లే బజారు ఈ గతి పట్టింది. మేం ముప్ఫై మంది మాట అనుకుని ఆదివారం మూశాం, మొదటి రెండు నెలలు గిరాకీ ఒక్క రూపాయి తగ్గలేదు, శనివారమే కొనుక్కుపోయారు. తర్వాత ఒకాయన సగం షట్టర్ ఎత్తాడు. ఆయనకి ఒక పూట ఎక్కువ బేరం వచ్చింది, ముప్ఫై ఇళ్లలో ఆదివారం పోయింది. అద్దె అందరం కడుతున్నాం అయ్యా, నాదీ అద్దె షాపే.

ఒంగోలు_ప్రొవిజన్స్:
మీరు కట్టే అద్దె ఎంతో నాకు తెలియదు, నా అప్పు ఎంతో మీకు తెలియదు. "మీలాంటి వాళ్లు" అనే మాట వెనక్కి తీసుకోండి.

తణుకు_వర్తకుడు:
తీసుకోను. మాట ఇచ్చి తప్పినవాణ్ణి ఇంకేమనాలి?

ఒంగోలు_ప్రొవిజన్స్:
మాట ఇచ్చింది మీ సంఘం, నేను కాదు. నన్ను ఎవరూ అడగలేదు.

కరీంనగర్_కన్సల్టెంట్:
ఇద్దరూ ఆగండి. నేను చాలా ఏళ్లుగా షాపుల లెక్కలు, లైసెన్సులు చూస్తున్నాను, ఇక్కడ ఎవరూ చట్టం మాట ఎత్తలేదు. వారానికి ఒక రోజు షాపు మూయాలని 1988 షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలోనే ఉంది. తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో షరతులతో 24 గంటలూ తెరుచుకునే వెసులుబాటు ఇచ్చారు. పనివాడికి మాత్రం తెలంగాణలో రోజుకి 8 గంటలు, వారానికి 48, వారానికి ఒక సెలవు. కుర్రాణ్ణి పెట్టుకుని పొద్దున 5 నుంచి రాత్రి పదిన్నర దాకా నిలబెడితే కుదరదు.

గోదావరిఖని_స్టోర్స్:
మొన్న 10 గంటలు చేశారు కదా సార్, పేపర్లో చూశాను.

కరీంనగర్_కన్సల్టెంట్:
2025 జులైలో వచ్చింది ఆఫీసుల లాంటి కమర్షియల్ సంస్థలకి, షాపులకి కాదు. వారానికి 48 మించకూడదనేది అక్కడా ఉంది. సగం చదివి చెప్పకండి.

పద్మ_ఫ్యాన్సీ:
పనివాడికి 8 గంటలు సరే, యజమానికి, యజమాని భార్యకి ఎన్ని గంటలని రాశారు సార్ చట్టంలో?

కరీంనగర్_కన్సల్టెంట్:
యజమానికి ఏమీ లేదమ్మా. ఉద్యోగులకే.

డాలస్_లిక్కర్‌స్టోర్:
మాది టెక్సస్. ఇక్కడ లిక్కర్ స్టోర్ పొద్దున 10కి ముందు తియ్యకూడదు, రాత్రి 9 తర్వాత అమ్మకూడదు, ఆదివారం పూర్తిగా బంద్. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, న్యూ ఇయర్ కూడా బంద్. ఇది చట్టం, సగం షట్టర్ అనే మాటే లేదు, ఎత్తితే లైసెన్స్‌కే ఎసరు. శనివారం సాయంత్రం క్యూ ఉంటుంది, ఆదివారం నేను గుడికి, పిల్లల తెలుగు క్లాసుకి వెళ్తాను. అంతకుముందు గ్యాస్ స్టేషన్ ఉండేది, అది 24 గంటలు, పండగ లేదు, పబ్బం లేదు. అది అమ్మేసి ఇది కొన్నాను. తణుకు గారు చెప్పింది కరెక్ట్, అందరూ మూస్తే ఎవరికీ నష్టం లేదు.

ఒంగోలు_ప్రొవిజన్స్:
అమెరికాలో కూర్చుని చెప్పడం తేలిక.

డాలస్_లిక్కర్‌స్టోర్:
ఇక్కడా పొద్దున నుంచి రాత్రి దాకా కౌంటర్‌లో నిలబడే పనే బ్రదర్. అద్దె ఇక్కడా ఉంది.

నర్సీపట్నం_మెడికల్:
మీ అందరికీ మూయాలా వద్దా అనే బాధ, నాకు బయటికి పోలేని బాధ. ప్రిస్క్రిప్షన్ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే ఇవ్వాలి, మా షాపులో ఫార్మసిస్ట్ నేనొక్కణ్ణే. చెల్లెలి పెళ్లిలో పీటల దగ్గర ఉన్నప్పుడు కూడా ఫోన్లే, "మా నాన్నకి బీపీ బిళ్ళ అయిపోయింది, ఎప్పుడు తీస్తారు" అని. అర్ధరాత్రి తలుపు కొడితే జ్వరం బిడ్డ ఎదురుగా ఉంటే లేదనలేం. పక్క ఊరి మెడికల్ షాపు ఆయనా నేనూ మాట్లాడుకుని ఒక ఆదివారం ఆయన, ఒక ఆదివారం నేను తీస్తున్నాం, షట్టర్ మీద అవతలి వాళ్ల నంబర్ అంటించాం. అప్పటి నుంచి నెలకి రెండు ఆదివారాలు ఇంట్లో ఉంటున్నాను. కిరాణా వాళ్లు కూడా ఇలా వంతులు వేసుకోవచ్చు కదా, అందరూ ఒకేసారి మూయాలనే పట్టుదల ఎందుకు?

తణుకు_వర్తకుడు:
ఇది బాగుంది డాక్టర్ గారూ.

నర్సీపట్నం_మెడికల్:
డాక్టర్ని కాదండీ, ఫార్మసిస్టుని.

గుంటూరు_టిఫిన్స్:
రాత్రి లెక్కల సంగతి ఎవరూ చెప్పలేదు. కిరాణా అన్నా, జీఎస్టీలో కాంపోజిషన్‌లోకి, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం కట్టే పద్ధతిలోకి మారండి, టర్నోవర్ కోటిన్నర లోపే కదా? సరుకు అమ్మేవాళ్లకి 1 శాతం, మూడు నెలలకోసారి కడితే చాలు. అసలు 40 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

కరీంనగర్_కన్సల్టెంట్:
40 లక్షలు మీ ఆంధ్రలో. తెలంగాణలో సరుకుకీ 20 లక్షలే. కాంపోజిషన్ తీసుకుంటే కొనేవాడి దగ్గర టాక్స్ వేరుగా వసూలు చెయ్యకూడదు, కొన్న సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన టాక్స్ మినహాయింపు, రాదు. ఈయన హోటళ్లకి సరుకు వేస్తుంటే వాళ్లు టాక్స్ బిల్లు అడుగుతారు. అది అడక్కుండా సలహా ఇవ్వకూడదు.

మిర్యాలగూడ_కిరాణా:
కాంపోజిషన్‌లోనే ఉన్నాను సార్. నా టైమ్ తినేది జీఎస్టీ కాదు, ఉద్దెర పుస్తకం.

గోదావరిఖని_స్టోర్స్:
ఉద్దెర రాత్రి రాస్తున్నావా? ఇచ్చినప్పుడే వాళ్ల ముందే రాసి వాళ్ల చేత సంతకం పెట్టించు. రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే పని రెండింతలు, మళ్లీ "నేను తీసుకోలేదు" అని గొడవ. గల్లా గురించి అడిగావు కదా, మా దగ్గర సగానికి పైగా క్యూఆర్ మీదే వస్తుంది, అది నేరుగా నా ఖాతాలో పడుతుంది, కుర్రాడి చేతికి వచ్చేది చిల్లర నోట్లే. మధ్యాహ్నం వాడికి అప్పగించి పోతాను. ఉద్దెర మాత్రం వాడు ఇవ్వకూడదు, అది ఒక్కటే షరతు.

ఒంగోలు_ప్రొవిజన్స్:
మెడికల్ ఆయన చెప్పినట్టు వంతులైతే నేనూ వస్తాను. అందరూ మూసిన రోజు నేనొక్కణ్ణి తియ్యాలన్న కోరిక నాకేం లేదు. ఆదివారం మా అబ్బాయి క్రికెట్ మ్యాచ్‌కి రమ్మని పిలుస్తాడు, ఇప్పటిదాకా ఒక్కటీ చూడలేదు.

తణుకు_వర్తకుడు:
ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. అద్దె విషయంలో మీ ఓనరుతో మాట్లాడటానికి మీ ఊరి సంఘం వాళ్లు వస్తారేమో అడిగి చూడండి, మేం ఇక్కడ ఇద్దరి కోసం అలా వెళ్లాం.

మిర్యాలగూడ_కిరాణా:
మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మూస్తున్నానని బోర్డు రాయించడానికి ఇచ్చాను. ఈ లోపల ఎవరికైనా తెలిస్తే చెప్పండి, తెల్లారి పాల ట్రేలు షట్టర్ బయటే దింపించుకుని ఆరింటికి లేచేవాళ్లున్నారా? ప్యాకెట్లు పోతున్నాయా, ఇనప పెట్టె ఏదైనా చేయించారా?