డాక్ బోర్డు 5 వోల్టుల టెర్మినల్ నుంచి కరెంటు సరిపోవట్లేదు, ఎక్కడ చూడాలి?

ల్యాబ్‌పిల్లోడు:
అందరికీ నమస్కారం. యూఎస్‌బీ డాక్ (డీఏక్యూ, అంటే సెన్సర్ రీడింగులు కంప్యూటర్‌కి చేర్చే) బోర్డు మీదున్న 5 వోల్టుల టెర్మినల్ నుంచి నాలుగు రిలేల (కాయిల్‌తో పనిచేసే స్విచ్‌ల) మాడ్యూల్‌కి సప్లై ఇస్తున్నాను. మాన్యువల్‌లో 200 మిల్లీ ఆంప్స్ అని ఉంది. రెండు రిలేల వరకు ఏ ఇబ్బందీ లేదు. నాలుగూ వేస్తే ముందు టకటకా పట్టుకుంటాయి, కాసేపటికి అన్నీ వదిలేస్తాయి. మీటరు సిరీస్‌లో పెడితే 90 మిల్లీ ఆంప్సే చూపిస్తోంది. బోర్డు పోయిందంటారా? రేపు డెమో, టెన్షన్‌గా ఉంది.

పాతమల్టీమీటర్:
కంగారు పడకండి. ఉత్త కరెంటు చూస్తే ఏమీ తేలదు, అదే సమయంలో వోల్టేజీ ఎంతుందో కావాలి. లోడ్ తీసేసి ఒకసారి, నాలుగూ వేసి ఒకసారి, బోర్డు టెర్మినల్ దగ్గరా మాడ్యూల్ పిన్నుల దగ్గరా కొలవండి. రెండు చోట్లా తేడా ఉంటే తప్పు తీగది. మిల్లీ ఆంప్స్ రేంజ్‌లో మీటరే కొంత వోల్టేజీ తినేస్తుంది, 10 ఆంప్స్ సాకెట్ వాడండి. కరెంటు రేంజ్‌లో ఉన్న మీటరుని నేరుగా ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మాత్రం తగిలించొద్దు, అది షార్ట్ చేసినట్టే. రిలే కాయిల్ ఎన్ని ఓమ్‌లు?

ల్యాబ్‌పిల్లోడు:
లోడ్ లేకుండా 5.02. నాలుగూ వేయగానే 4.6, అక్కడ్నుంచి మెల్లగా దిగి 1.6 దగ్గర ఆగింది. మాడ్యూల్ దగ్గరా దాదాపు అంతే. 10 ఆంప్స్ సాకెట్‌లోనూ 0.09. కాయిల్ 70 ఓమ్‌లు. యూఎస్‌బీ పీకి కాసేపాగి పెడితే మళ్లీ మామూలే.

పాతమల్టీమీటర్:
దొరికింది. నాలుగు 70 ఓమ్‌ల కాయిళ్లు పారలల్‌లో ఉంటే 17.5 ఓమ్‌లు. 1.6ని దానితో భాగిస్తే దాదాపు 90 మిల్లీ ఆంప్స్, అంటే మీ మీటరూ లోడూ రెండూ నిజమే చెబుతున్నాయి. 5 వోల్టుల దగ్గర ఆ కాయిళ్లు అడిగేది 286 మిల్లీ ఆంప్స్. బోర్డు మాటిచ్చింది 200. ఒక్కసారిగా పడిపోకుండా మెల్లగా దిగడం, చల్లారాక తిరిగి రావడం చూస్తే బోర్డులోని రీసెట్టబుల్ ఫ్యూజ్ వేడెక్కి రెసిస్టెన్స్ పెంచుకుంటోంది. బోర్డు పోలేదు, తనను తాను కాపాడుకుంటోంది.

తీగలగోల:
సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ (పవర్డ్ హబ్) పెడితే సరిపోదా? లేదా ఆ ఫ్యూజ్‌ని బైపాస్ చేసేస్తే?

పాతమల్టీమీటర్:
యూఎస్‌బీ 2.0 పోర్టు ఎలాగూ 500 మిల్లీ ఆంప్స్ దాకా ఇస్తుందండీ, ఇక్కడ అడ్డు పోర్టు కాదు. మధ్యలో ఆ ఫ్యూజ్ ఉన్నంతవరకు ఏ హబ్ పెట్టినా ఇంతే. బైపాస్ మాట మర్చిపోండి, రేపు షార్ట్ అయితే పోయేది బోర్డే.

ల్యాబ్‌పిల్లోడు గారూ, మాడ్యూల్ మీద జేడీ-వీసీసీ (కాయిళ్ల సప్లై పిన్ను), వీసీసీ (ఇన్‌పుట్ వైపు సప్లై పిన్ను) అని, ఆ రెండిటినీ కలిపే చిన్న క్లిప్ లాంటి జంపర్ ఉందా? ఉంటే దాన్ని పీకి, జేడీ-వీసీసీకి విడిగా 5 వోల్టుల 1 ఆంప్ అడాప్టర్ ఇవ్వండి. డాక్ 5 వోల్టులు వీసీసీకి ఉంచండి, సిగ్నల్‌ని వెలుతురుతో దాటించే ఆప్టోకప్లర్లకు కొద్ది మిల్లీ ఆంప్స్ చాలు. జంపర్ లేకపోతే మాడ్యూల్ మొత్తానికీ అడాప్టరే ఇచ్చి, గ్రౌండ్‌ని డాక్ డిజిటల్ గ్రౌండ్‌తో కలపండి. రెండు 5 వోల్టుల ప్లస్‌లని మాత్రం కలపొద్దు.

ల్యాబ్‌పిల్లోడు:
జంపర్ ఉందండీ! తీసేసి అడాప్టర్ ఇచ్చాను. నాలుగూ గట్టిగా పట్టుకుని ఉన్నాయి, డాక్ టెర్మినల్ 5 మీదే నిలబడింది. చాలా థాంక్స్. ఇంకో చిన్న సందేహం: ఇంతకుముందు రిలే పడినప్పుడల్లా సెన్సర్ రీడింగ్ 30 మిల్లీవోల్టుల దాకా ఎగిరేది, ఇప్పుడు ఎగరట్లేదు. అదీ దీనివల్లేనా?

పాతమల్టీమీటర్:
చాలావరకు అదే అయ్యుంటుంది. కాయిళ్ల కరెంటు, సెన్సర్ కరెంటు ఒకే గ్రౌండ్ తీగలో తిరిగొస్తే, ఆ తీగ 0.1 ఓమ్ ఉన్నా 286 మిల్లీ ఆంప్స్‌కి 28 మిల్లీవోల్టుల పైనే తేడా పడుతుంది. సెన్సర్ గ్రౌండ్‌ని విడి తీగతో నేరుగా అనలాగ్ గ్రౌండ్ టెర్మినల్‌కే తీసుకెళ్లండి, రిలే తీగల పక్కన కట్టేయొద్దు.