బయాప్సీలో పీ16 నెగటివ్ అంటే భయపడాలా?

ఉద్దానం పిల్ల: మా మామ్మకి అంగిట్లో పుండు ఎంతకీ మానట్లేదని బయాప్సీ చేయిస్తే స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే కేన్సర్ అని వచ్చింది. ఆవిడకి వయసులో ఉన్నప్పట్నుంచీ అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు మా శ్రీకాకుళం వైపు. రిపోర్ట్‌లో పీ16 నెగటివ్, పీ53 అబ్‌నార్మల్, కేఐ-67 ఎక్కువ అని రాశారు. నెట్‌లో చూస్తే పీ16 నెగటివ్ అయితే కష్టం అంటున్నారు, నిజమేనా? సర్జన్‌ని ఇంకా కలవలేదు, ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు.

పాథాలజీ పీజీ: మీరు చదివింది గొంతు కేన్సర్ గురించి అయ్యుంటుందండి. టాన్సిల్, నాలుక మొదట్లో వచ్చేవాటిల్లో కొన్ని హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయి, ఆ వైరస్ తాలూకు ఈ7 ప్రోటీన్ మన కణంలో విభజనని ఆపి ఉంచే ఆర్‌బీ అనే ప్రోటీన్‌ని పనిచెయ్యనివ్వదు, ఆర్‌బీ మూలపడితే పీ16 అనే ఇంకో ప్రోటీన్ విపరీతంగా తయారవుతుంది, అందుకని అక్కడ పీ16 పాజిటివ్ అంటే వైరస్ వల్ల వచ్చిందని గుర్తు, అవి ట్రీట్‌మెంట్‌కి బాగా లొంగుతాయి. మామ్మగారిది అంగిలి ముందు గట్టి భాగమా, వెనక మెత్తటి భాగమా? గట్టి భాగమైతే ఆ లెక్క అసలు వర్తించదు. పొగాకు నోటి కేన్సర్లలో పీ16 జీన్ దెబ్బతినడం, కణాలు కేన్సర్‌గా మారకుండా కాపాడే పీ53 జీన్ పాడవడం చాలా మామూలు.

ఉద్దానం పిల్ల: గట్టి భాగమేనండి. హమ్మయ్య. మరి పీ16 అసలు చేసే పనేంటి? బ్రెస్ట్ కేన్సర్‌కి వాడే పాల్బోసిక్లిబ్ దీనికీ పనికొస్తుందని మా తమ్ముడు అంటున్నాడు.

బయోకెమిస్ట్రీ టీచర్: కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏ కాపీ చేసుకోవాలి కదమ్మా, ఆ దశలోకి తోసేది సైక్లిన్ డీ1, సీడీకే4, సీడీకే6 అనే ప్రోటీన్ల జట్టు, అది ఆర్‌బీని పక్కకి తప్పిస్తుంది. ఆ జట్టుకి బ్రేకు పీ16. నోటి కేన్సర్లలో చాలాచోట్ల సైక్లిన్ డీ1 జీన్ కాపీలు పెరిగిపోతాయి, ఇటు బ్రేకూ పోతుంది, ఇక విభజనకి అడ్డేముంది. పాల్బోసిక్లిబ్ ఆపేది ఆ సీడీకేలనే, తమ్ముడి ఆలోచన సరైనదే కానీ నోటి కేన్సర్‌కి అది మామూలు వైద్యంలోకి రాలేదు, దానికోసం ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దు.

పాథాలజీ పీజీ: అవును. కేఐ-67 కూడా ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెబుతుందంతే, దాన్నిబట్టి స్టేజీ వెయ్యరు. సర్జన్‌ని అడగాల్సింది గడ్డ సైజెంత, ఎముకలోకి దిగిందా, మెడలో గడ్డలున్నాయా అని. సీటీ తీశారా?

ఉద్దానం పిల్ల: రేపు తీస్తారండి. మామ్మ చెల్లెలు కూడా అలాగే కాలుస్తుంది, ఆవిడకి నెప్పేం లేదు.

పాథాలజీ పీజీ: నెప్పి లేకపోయినా రేపు ఆవిడ్నీ తీసుకెళ్ళి అంగిలి చూపించండి, తెల్లమచ్చలూ ఎర్రమచ్చలూ నెప్పి లేకుండానే ఉంటాయి.