రైఫిల్ పాత స్టాక్‌లో (చెక్క భాగంలో) యాక్షన్ (బోల్ట్ ఉండే లోహ భాగం) కూర్చోబెట్టాలంటే ఎపాక్సీ పోయాలా, చెక్కనే సరిచేయాలా?

కొత్తబోల్ట్:
వాడిన వాల్‌నట్ స్టాక్ ఒకటి దొరికింది. రెమింగ్టన్ 700 రైఫిల్ షార్ట్ యాక్షన్‌కు (పొట్టి తూటాల రకానికి) చెక్కినది. నా యాక్షన్ బాగానే దిగుతోంది కానీ, ముందు స్క్రూ బిగించి ఉంచి వెనక స్క్రూ బిగిస్తే బ్యారెల్ మూతి పైకి లేస్తోంది. ఎపాక్సీ బెడ్డింగ్ (యాక్షన్ కింద గట్టిపడే జిగురు పోసి సరిగ్గా ఆనేలా చేయడం) చేయాలా? పిల్లర్లు (స్క్రూల చుట్టూ వేసే లోహపు గొట్టాలు) కూడా కావాలా?

సూటిచూపు:
మూతి లేస్తోందంటే టాంగ్ (యాక్షన్ వెనక తోక) కింద చెక్క అణిగిపోయింది. బిగించిన ప్రతిసారీ యాక్షన్ వంగుతోంది. ఫోర్‌ఎండ్ (స్టాక్ ముందు భాగం) కొస దగ్గర డయల్ ఇండికేటర్ (సన్నని కదలికను కొలిచే ముల్లు మీటర్) పెట్టి, వెనక స్క్రూ వదులు చేసి చూడండి. ముల్లు 0.05 మి.మీ. దాటి కదిలితే బెడ్డింగ్ తప్పదు. పిల్లర్లు కూడా వేయండి. ఒత్తిడి అల్యూమినియం గొట్టం మోస్తుంది కాబట్టి 65 ఇంచ్-పౌండ్లు బిగించినా చెక్క నలగదు. పాత స్టాక్ కదా, స్క్రూ రంధ్రాల చుట్టూ నూనె ఇంకి ఉంటుంది. నూనె మీద ఎపాక్సీ పట్టదు. అసిటోన్‌తో తుడవండి, అయినా నల్లగా మెత్తగా ఉంటే ఆ చెక్క తీసేయండి.
రీకాయిల్ లగ్‌కు (కాల్చినప్పుడు వెనక్కి తోసే దెబ్బను స్టాక్‌కు అందించే, యాక్షన్ కింది లోహపు దిమ్మకు) ముందూ పక్కలా అడుగునా టేప్ అంటించండి. వెనక ముఖం ఒక్కటే ఆనాలి.

పాతచెక్క:
అడగ్గానే పోసేయమనడమేనా? యాక్షన్ అడుగున ఇంక్ పూసి, స్టాక్‌లో పెట్టి తీస్తే మచ్చ ఎక్కడ పడిందో అక్కడ ఎత్తు ఉన్నట్టు. ముందు రింగ్ (బ్యారెల్ బిగించే యాక్షన్ ముందు భాగం) కింద గీకితే టాంగ్ దానంతటదే సమమవుతుంది. ఓపిక కావాలంతే.
ఇక లగ్ పక్కలా ఖాళీ వదిలేదానికి బెడ్డింగ్ అని పేరెందుకు?

మూడోకన్ను:
స్క్రూ రంధ్రాలూ ట్రిగ్గర్ పిన్ను రంధ్రాలూ క్లేతో నింపడం మరవకండి. అందులోకి ఎపాక్సీ పోయిందా, యాక్షన్ ఇక బయటికి రాదు.

సూటిచూపు:
పక్కలా బిగుతుగా ఉంటే యాక్షన్‌ను తీసి పెట్టినప్పుడల్లా లగ్ ఎపాక్సీని గీరుతుంది, కొన్నాళ్లకు లూజవుతుంది. తోసేది వెనక్కి, పక్కకు కాదు. ఇంత చిన్న విషయం ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

పాతచెక్క:
కాల్చినప్పుడు బ్యారెల్ రైఫ్లింగ్ వల్ల రైఫిల్ మెలి తిరుగుతుంది. ఆ మెలి ఎక్కడికి పోతుంది? చెప్పండి.

సూటిచూపు:
రిసీవర్ (యాక్షన్ ఒళ్లు) అడుగంతా ఎపాక్సీలోనే కూర్చుని ఉంటుంది కదండీ! మీరు ఒక్కసారైనా చేశారా?

పాతచెక్క:
చేయించాను. మా నాన్నగారి మౌజర్ 98. నేను అడిగింది గీతపడ్డ బోల్ట్ సరిచేయమని. ఆ గన్‌స్మిత్ ‘అదనంగా’ బెడ్డింగ్ చేసి ఇచ్చాడు, రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ లోహానికి అంటుకోకుండా చేసే పూత) పూయకుండా. యాక్షన్ తీయడానికి స్టాక్‌ను చీల్చాల్సి వచ్చింది. ఇప్పుడు చెప్పండి ఎపాక్సీ గొప్పలు.

సూటిచూపు:
అది చేసినవాడి తప్పు, ఎపాక్సీ తప్పు కాదు. మీ కోపమంతా కొత్తబోల్ట్ గారి స్టాక్ మీద తీర్చుకుంటున్నారు.

మూడోకన్ను:
లీ-ఎన్‌ఫీల్డ్ నం. 4 రైఫిల్‌లో ఫోర్‌ఎండ్ కొస బ్యారెల్‌ను పైకి నొక్కేలాగే అమరుస్తారు. అన్నిటికీ ఒకే మందు లేదు. దీన్ని ఎవరూ పట్టించుకోరని తెలుసు.

పాతచెక్క:
తీర్చుకుంటే తీర్చుకున్నాను. మీకు స్టాక్ అంటే మార్చేసే విడిభాగం, గ్రూప్ (గుళ్లు తగిలిన గుర్తుల గుంపు) చిన్నదైతే చాలు. నాకది ఎవరో చేత్తో చెక్కిన పని. గీకింది గీకినట్టు కనిపిస్తుంది, ఏం చేశామో తర్వాతివాడికి తెలుస్తుంది. పోసింది వెనక్కి తీయలేం.

సూటిచూపు:
ఈ మాట మొదటే అనుంటే లగ్ పక్కల గురించి ఇంత రాసే పని తప్పేది. స్టాక్‌ను అలాగే దాచుకోవాలంటే పోయొద్దు, ఒప్పుకుంటాను. కాల్చడానికైతే, గీకిన చెక్క వాన గాలికి ఉబ్బుతుంది, పొడి గాలికి ముడుచుకుంటుంది. అప్పుడు మళ్లీ గీకుతారా?

పాతచెక్క:
గీకుతాను.

కొత్తబోల్ట్:
నాకైతే ఈ స్టాక్ మీద మమకారమేమీ లేదు, మిషన్ మీద చేసిందే. పిల్లర్లు వేసి లగ్ దగ్గరా టాంగ్ దగ్గరా మాత్రం పోస్తాను.

పాతచెక్క:
మీ ఇష్టం. టాంగ్ వెనక అంచుకూ చెక్కకూ మధ్య మాత్రం సన్నని సందు వదలండి. ఆనిందంటే ఒక్కో దెబ్బకూ టాంగ్ వెళ్లి స్టాక్ మెడ మీద తగులుతుంది, అక్కడే చీలుతుంది. ఎపాక్సీ పోసినా అంతే, పోయకపోయినా అంతే.