కందుకూరు షావుకారు ఇల్లు, చిట్టాలు: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా తాతగారి తాతగారు కందుకూరులో వడ్డీలకు, హుండీలకు పేరుపడ్డ షావుకారని ఇంట్లో చెబుతారు. ఆయన కట్టించిన మండువా ఇల్లు ఇంకా ఉంది. ఎప్పుడు కట్టారో, ఎవరెవరికి అప్పులిచ్చారో చెప్పేవాళ్ళు లేరు. భోషాణంలో గొలుసుకట్టు రాతలో నాలుగు చిట్టాలు దొరికాయి. ఒక పుటలో ‘చిత్రభాను కార్తీక శు 5, ఫ 1292’ అని, కింద 150-0-0, 0-12-0, 1-2-0 అని ఉంది. చిత్రభాను అంటే 1942 అనుకున్నాను, కాని అప్పటికి ఆయన బతికి ఉండే అవకాశమే లేదు. పాత కాగితాలకు ఒంగోలు వెళ్ళమని ఒకరు, నెల్లూరు వెళ్ళమని ఇంకొకరు తిప్పుతున్నారు.

జవాబు: ‘ఫ’ అంటే ఫసలీ, పాత రెవెన్యూ సంవత్సరం అండీ. 590 కలపండి, 1882 వస్తుంది. (ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి జనవరి-జూన్ తేదీలకు 591 కలపాలి.) చిత్రభాను 1882లోనూ వచ్చింది, కాబట్టి మీది ఆ ఏటి నవంబరు పద్దు. ఇక అంకెలు: అసలు 150 రూపాయలు, వడ్డీ నెలకు నూటికి 12 అణాలు. నూట యాభైకి 18 అణాలు, అంటే రూపాయి రెండణాలు. అదే మీ 1-2-0. లెక్క కుదిరిందంటే మీరు గొలుసుకట్టు సరిగ్గానే చదివారు, నాకంటే నయం!

మరో జవాబు: మిమ్మల్ని తిప్పినవాళ్ళిద్దరిదీ తప్పు కాదు. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశంలో, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరులో చేరింది. ముందు కందుకూరు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే అడగండి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి దాని సూచికలను ఎవరైనా చూడవచ్చు. ఇల్లు కొన్న కాగితం ఒక్కటే వెతికి ఊరుకోకండి. షావుకారు జాడ ఆయన కాగితాల్లో కంటే అప్పు తీసుకున్నవాళ్ళు రాసిచ్చిన తనఖాల్లో ఎక్కువ దొరుకుతుంది. రాసిచ్చినవారితోపాటు రాయించుకున్నవారి పేర్లూ సూచికలో ఎక్కుతాయి. ప్రామిసరీ నోట్లు రిజిస్టరు కావు, అవి దావాకు వెళితేనే కోర్టు కాగితాల్లో మిగులుతాయి.

ఇంకొకరు: గుడికో సత్రానికో ఆయన భూమి రాసి ఉంటే, దేవాదాయ శాఖవారి 43 రిజిస్టరులో (దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద ఉంచేది) దాత పేరు ఉండవచ్చు. ధ్వజస్తంభం దిమ్మె, సత్రం గోడ చూడండి. ముందు మాత్రం మీ ద్వారబంధం పైకమ్మి తడిగుడ్డతో తుడిచి చూడండి. ఇసుక కాగితం పెట్టకండి, అక్షరాలు పోతాయి.

అడిగినవారు: నిన్న తుడిచాను. ఏళ్ళ తరబడి పూసిన పసుపు కింద ‘ధాత’ అని రెండక్షరాలు, పక్కన ఒక మామిడాకు చెక్కడం. ధాత అంటే ఏ సంవత్సరం?

జవాబు: 1876-77. 1936లోనూ వచ్చింది కాని, 1882లో వ్యాపారం చేస్తున్న మనిషికి మొదటిదే సరిపోతుంది. అది ధాత కరువు ఏడాది. జిల్లా అంతా గింజకు అల్లాడినప్పుడు ఆయన ద్వారబంధం ఎత్తించారన్నమాట. 1877, 78 తనఖాలు ముందు చూడండి. అక్కడ కనిపించేది మీ ఇంట్లో అందరికీ నచ్చకపోవచ్చు.

అడిగినవారు: సోమవారం వెళుతున్నానండీ. అమ్మకు ఇంకా చెప్పలేదు.