స్వీడన్ సింగర్ కాలిఫోర్నియా యాసలో పాడితే అది పంక్ ఎలా అవుద్ది?

నల్లచొక్కా:
ఈ మధ్య ఒక కొత్త పాప్-పంక్ (హమ్ చేసుకునే ట్యూన్లున్న స్పీడ్ రాక్) బ్యాండ్ బాగా తిరుగుతోంది, పేరు చెప్తే చర్చంతా దాని మీదికే పోద్ది కాబట్టి చెప్పను. ఇంకా ఒక ఈపీనే (కొన్ని పాటల చిన్న ఆల్బమ్) వచ్చింది, సింగర్ స్వీడన్ అమ్మాయి. ట్యూన్లు సూపర్, డ్రమ్స్ సూపర్, కానీ పాట ఎత్తుకుంటే చాలు కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టినట్టు ముక్కుతో సాగదీసుద్ది, ఇంటర్వ్యూల్లో మాత్రం మామూలుగానే మాట్లాడుద్ది. నా ఓటు ఫేక్‌కే.

గోదారి_గిటార్:
తమ్ముడూ, మిలెన్‌కోలిన్ బ్యాండ్ విన్నావా? స్వీడన్‌లో ఓరెబ్రో కుర్రాళ్ళు, స్కేట్‌బోర్డులేసుకు తిరిగే బ్యాచ్, 1992లో మొదలెట్టారు, పాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషే. బ్రెట్ గురెవిట్జ్ ప్రొడ్యూసర్‌గా ‘పెన్నీబ్రిడ్జ్ పయనీర్స్’ ఆల్బమ్ 2000లో వచ్చింది, అందులో ‘నో సిగార్’ పాట అదే ఏడాది టోనీ హాక్ స్కేట్‌బోర్డ్ వీడియో గేముల్లో రెండోదాన్లో పడింది. ఆ గేమ్ ఆడినోళ్ళు చాలామందికి వీళ్ళు స్వీడన్ వాళ్ళని ఇప్పటికీ తెలీదు. ఎవరికేం నష్టం జరిగిందీ?

నల్లచొక్కా:
అన్నా, నా బాధే అది, ఏ ఊరోళ్ళో తెలీకపోవడం గొప్పా? ఎబ్బా గ్రోన్ చూడండి, 1977, స్టాక్‌హోమ్ శివారులో పుట్టిన బ్యాండ్, స్వీడిష్‌లోనే పాడి పేరు తెచ్చుకున్నారు. అస్టా కాస్క్ లాంటి బ్యాండ్ల దారిలో తర్వాత ట్రాల్‌పంక్ అని ఒక ధోరణే వచ్చింది, స్పీడ్ పంకే కానీ కూనిరాగం తీసుకోవచ్చు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడం కాదా ఇది?

గోథెన్‌బర్గ్_తెలుగమ్మాయి:
నేనుండేది స్వీడన్‌లోనే కాబట్టి ఒక మాట. టీవీలో చిన్నపిల్లల ప్రోగ్రాములు తప్ప ఇంగ్లీషువి డబ్ చెయ్యరు, కింద సబ్‌టైటిల్స్ వేస్తారు, కాబట్టి ఆ భాష చిన్నప్పట్నుంచీ చెవిలో పడుతూనే ఉంటుంది. రెండోది, బ్యాండ్‌ని స్టడీ సర్కిల్ (కోచింగ్ కాదు, కలిసి నేర్చుకునే గుంపు) కింద రాయించుకుంటే సర్కారు గ్రాంట్లతో నడిచే వయోజన విద్యా సంఘాలు రిహార్సల్ రూముకి సాయం చేస్తాయి (ఈ మధ్య ఆ గ్రాంట్లు కోసేశారు, అది వేరే ఏడుపు). ఫాగెర్స్టా లాంటి చిన్న ఊళ్ళోంచి ద హైవ్స్ లాంటి రాక్ బ్యాండ్ వచ్చిందంటే ఊరికే కాదు. కానీ దేశం మొత్తం కోటి పైచిలుకు జనం, ఎన్ని ఊళ్ళలో షోలు చేస్తారు పాపం? జర్మనీ, ఇంగ్లండ్ వెళ్ళాలంటే ఇంగ్లీషే బస్సు ఛార్జీ అనుకోండి.

వరంగల్_బేస్:
అసలు ఒరిజినల్ యాస ఎవరిదో చెప్పుండ్రి ముందు. గ్రీన్ డే కాలిఫోర్నియా బ్యాండే గదా, అయినా దాని సింగర్ బిల్లీ జో బ్రిటిష్ యాస కొడ్తడని ఎప్పట్నుంచో అంటనే ఉన్నరు. బ్లింక్-182 బ్యాండ్ల టామ్ డిలాంగ్ పాడినట్టు శాన్ డియాగోల గూడ ఎవ్వడు మాట్లాడడు. అది ఊరి యాస గాదు, ఆ పాట యాస. హరికథ చెప్పేటాయన ఇంట్ల ఉప్పు గూడ అట్లనే అడుగుతడా?

నల్లచొక్కా:
దాసుగారు అమెరికా వాడిలా నటించట్లేదు కదన్నా. సరే యాస వదిలేద్దాం, లిరిక్స్ చూడండి, ఒక పాటలో ప్రామ్ నైట్ (అమెరికా హైస్కూల్ పిల్లల డాన్స్ పార్టీ), ఇంకోదాన్లో బీచ్ పక్కన కారు, వేసవి. డిసెంబర్లో మూడింటికే చీకటి పడే ఊళ్ళో పెరిగిన పిల్ల ఇది.

గోదారి_గిటార్:
ఆ ముక్కకైతే నేనూ నీ వైపే. భాష ఏదైనా పర్లేదు, మిలెన్‌కోలిన్ సింగర్ నికోలా సర్చెవిచ్ 2010లో స్వీడిష్‌లో కూడా ఒక ఆల్బమ్ చేశాడు, బ్యాండ్ మాత్రం ఇంగ్లీషే. సరుకు మాత్రం సొంతం ఉండాల.

గోథెన్‌బర్గ్_తెలుగమ్మాయి:
ప్రామ్ ఎందుకసలు? జూన్‌లో ఇక్కడ ప్లస్ టూ అయిపోయిన పిల్లలు తెల్ల టోపీలు పెట్టుకుని లారీలెక్కి, పెద్ద సౌండుతో పాటలు పెట్టి, బీర్లు చల్లుకుంటూ ఊరంతా తిరుగుతారు. దాని మీద ఒక్క పాట రాయమనండి.

నల్లచొక్కా:
లారీ పాట అయితే ఏ భాషలో పాడినా టికెట్ కొంటా అక్కా. ముక్కు మాత్రం తగ్గించాలి.

వరంగల్_బేస్:
ముక్కు తగ్గిస్తే నేను కొన.