రంతిదేవుడి ‘రావన్న’లో ఆ ‘వ’ ఎక్కడిది?

కాజీపేట పాఠకురాలు: మా గల్లీ మొగదల చలివేంద్రం పెడుతున్నాం. రంజన్ల వెనక గోడ మీద పోతన పద్యం రాయించాలని ఉంది. ‘అన్నము లేదు కొన్ని మధురాంబువులున్నవి త్రావుమన్న’ దాకా నోటికి వస్తోంది. ఆ తర్వాత ‘రావన్న’నా, ‘రావయ్య’నా? పెయింటర్ రేపు పొద్దున్నే వస్తాడు.

హనుమకొండ సారు: ‘రావయ్య’ కుదరదు బిడ్డా, ప్రాస ‘న్న’, ప్రతి పాదంలో రెండో అక్షరం అదే రావాలి. భాగవతం నవమ స్కంధంలోది, మొత్తం ఇదిగో:

అన్నము లేదు కొన్ని మధురాంబువులున్నవి త్రావుమన్న రా
వన్న శరీరధారులకు నాపద వచ్చిన వారి యాపదల్
గ్రన్నన మాన్చి వారికి సుఖంబులు సేయుటకన్న నొండు మే
లున్నదె నాకు దిక్కు పురుషోత్తముఁ డొక్కఁడ సుమ్ము పుల్కసా!

ములుగు నుంచి: సార్, ‘రా, ఓ అన్నా’ కలిసిపోయి ‘రావన్న’ అయిందని మా తాత చెప్పేవాడు. మా దిక్కు ఇప్పటికీ అట్లనే పిలుస్తాం.

హనుమకొండ సారు: పిలుపు నిజమే, కానీ యతి ఒప్పుకోదు. పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం జత కుదరాలి, అదే యతి. రెండో పాదంలో ‘వన్న’కు యతి ‘నాపద’లోని ఆకారంతో. ఓకారానికి ఆకారంతో మైత్రి లేదు. కాబట్టి అక్కడ ‘అన్న’ విడిగా ఉండాల్సిందే: రావు + అన్న. నాలుగో పాదంలోనూ అంతే, మేలు + ఉన్నదె, పురుష + ఉత్తముడు.

జనగామ అక్క: రావు అంటే ‘రావట్లేదు’ అని కూడా కదా సార్? నాకైతే అది ‘రావా అన్నా’ అని బతిమాలినట్టే వినిపిస్తుంది. రంతిదేవుడు 48 రోజులు తిండీ నీళ్లూ లేని మనిషి. దొరికిందంతా ముందొచ్చిన వాళ్లకు పెట్టేశాడు. మిగిలిన నీళ్లతో గొంతు తడుపుకోబోతుంటే ఇంకొకడు దాహమంటూ వచ్చాడు. సంస్కృత భాగవతంలో ‘న కామయేఽహం’ గొప్ప శ్లోకమే, అందరి బాధా తనకే రావాలంటాడు. ‘అన్నా, రా’ అని పిలిపించింది మాత్రం మా బమ్మెర పోతన్నే. నీళ్లివ్వడం ఒక ఎత్తు, ఆ పిలుపు ఒక ఎత్తు.

ఘన్‌పూర్ పాఠకుడు: ఆ ‘కొన్ని’ని ఎవరూ పట్టించుకోలేదే! ‘కొన్ని నీళ్లు ఇయ్యండి’ అంటే పట్నంలో నన్ను సరిదిద్దారు, ‘కొంచెం’ అనాలట. నీళ్లు బహువచనం, ‘కొన్ని’ అంటే తప్పేంటి? మా బస్టాండు దగ్గర ఎండాకాలం ఒక ముసలమ్మ కూర్చునేది. దోసిట్లోకి చెంబు వంచి, తాగడం అయ్యేదాకా సన్నటి ధార తెగనిచ్చేది కాదు. ‘మెల్లగ తాగు బిడ్డా, పొలమారుతది’ అనేది. పైసలిస్తే తీసుకునేది కాదు. ఈ పద్యం చదివితే నాకు ఆమె గొంతే వినిపిస్తుంది.

వరంగల్ పాఠకురాలు: కాజీపేట అక్కా, చివరి మాట ‘పుల్కసా’ గోడ మీద రాస్తారా? మొదట ‘అన్నా’ అని పిలిచి, చివర కులం పేరు. పోతన కాలంలో అది ఎలా వినిపించిందో గానీ, ఇవాళ దాహంతో వచ్చినవాడు చదివితే చివుక్కుమంటుంది.

హనుమకొండ సారు: ఎవరిని ‘అన్నా’ అన్నాడో తెలియాలంటే ఆ మాట ఉండాలి తల్లీ. తీసేస్తే పద్యంలోని తెగువ పోతుంది.

వరంగల్ పాఠకురాలు: పుస్తకంలో ఉండనివ్వండి సార్, నేను గోడ గురించే అంటున్నా. అక్కడికి వచ్చేవాళ్లు టీకా తాత్పర్యాలు చూసి రారు.

జనగామ అక్క: ‘రావన్న’ దాకా రాసి ఆపేయండి.

హనుమకొండ సారు: పాదం మధ్యలో తెగితే యతి ఏమవుతుంది?

కాజీపేట పాఠకురాలు: రావన్న ఖాయం చేసుకున్నా, ధన్యవాదాలు సార్. ఎక్కడ ఆపాలో మా గల్లీ వాళ్లనే అడుగుతా, రోజూ చదివేది వాళ్లు కదా.

ములుగు నుంచి: సార్, రావు + అన్న అన్నారు సరే. అక్క అన్నట్టు ‘రావా’ అయితే? రావా + అన్నలోనూ ‘అ’ ఉంది, యతికి అడ్డేముంది?